వడ్డీ కట్టి మార్చుకునే అప్పు

వేరుశెనగ విత్తే అదునులో చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లె బ్యాంకుల్లో రద్దీ ఎక్కువగా ఉండేది బంగారం కౌంటరు దగ్గరే. అక్కడికి కొత్త అప్పు కోసం వచ్చేవారు కొందరు. నిరుడు పెట్టిన నగకు గడువు తీరి, దాన్ని మార్చుకోవడానికి వచ్చేవారు మరికొందరు. మార్చుకునే పద్ధతి ఈ ప్రాంతంలో అందరికీ తెలిసిందే. పొద్దున ఎవరి దగ్గరో చేబదులు తెచ్చి అసలూ వడ్డీ కట్టేస్తారు. నగ చేతికొస్తుంది. నగ విలువ కట్టే అప్రైజరు మళ్లీ తూకం వేస్తాడు, అదే నగ మీద కొత్త అప్పు మంజూరవుతుంది. సాయంత్రానికి చేబదులు ఇచ్చినవాడి డబ్బు వాడికి చేరుతుంది, దాంతోపాటు ఒకరోజు వడ్డీ కూడా. బ్యాంకు పుస్తకాల్లో పాత అప్పు సకాలంలో తీరిపోయింది, కొత్త అప్పు పుట్టింది. ఇంటి లెక్కలో మాత్రం వడ్డీ పోయింది, అసలు ఎక్కడిదక్కడే ఉంది.

ఇందులో మోసం లేదు. నగ నిజమైనదే, వడ్డీ నిజంగానే అందింది. అయినా ఒక ప్రశ్న ఎవరూ అడగలేదు: ఈ కుటుంబం రాబడిలోంచి ఈ అసలును ఎప్పటికైనా తీర్చగలదా? దేశం మొత్తానికీ ఇదే వర్తిస్తుంది. ఆర్థిక వ్యవస్థకు దెబ్బ తగిలినప్పుడు అది నిలబడుతుందా, కూలబడుతుందా అన్నది నెత్తిన ఎంత అప్పు ఉందన్న దానికంటే, ఆ అప్పును మార్చుకునే ప్రతిసారీ ఎవరు ఏం అడుగుతున్నారన్న దానిమీద ఎక్కువగా ఆధారపడుతుంది. బ్యాంకింగ్ నిబంధనల పని ఆ ప్రశ్న అడిగించడం. అప్పు పట్ల జనానికున్న వైఖరిని బట్టి ఆ ప్రశ్నకు నిజమైన జవాబు వస్తుందో రాదో తేలుతుంది.

అప్పు మొత్తాన్ని మాత్రమే చూస్తే ఎంత పొరబడతామో ఆంధ్రప్రదేశ్ అంకెలే చెబుతాయి. 2019 నాటి జాతీయ నమూనా సర్వే ప్రకారం రాష్ట్రంలో వ్యవసాయ కుటుంబాల్లో 93.2 శాతం అప్పుల్లో ఉన్నాయి, సగటు బాకీ 2,45,554 రూపాయలు. దేశ సగటు 50.2 శాతం, 74,121 రూపాయలు. ఈ అంకెలు బయటికొచ్చిన ప్రతిసారీ ‘అప్పుల ఊబి’ అన్న శీర్షిక తప్పదు. కానీ ఝార్ఖండ్ లాంటి రాష్ట్రాల్లో అప్పున్న రైతు కుటుంబాలు చాలా తక్కువ. అక్కడి రైతు మనకంటే కలిగినవాడు కాబట్టి కాదు, అతనికి అప్పు పుట్టదు కాబట్టి. మన దగ్గర పంట రుణం 3 లక్షల వరకు 7 శాతానికి దొరుకుతుంది, గడువులోపల కడితే రాయితీ పోను 4 శాతమే పడుతుంది. బయట నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. లక్ష రూపాయల మీద ఒకచోట 4,000, మరోచోట 24,000. బ్యాంకు అందుబాటులో ఉన్న ఊళ్లో అప్పు లేకుండా ఉండటం చాలాసార్లు తెలివైన పని కాదు. 93 శాతంలో ఈ రెండు రకాల అప్పులూ కలిసిపోయి ఉన్నాయి. ఒకటి పెట్టుబడి, రెండోది గండం గట్టెక్కడానికి తెచ్చుకున్న మరో గండం. రెండింటినీ కలిపి ఒకే అంకెగా చూపే లెక్కతో విధానం తయారుచేయడం కష్టం.

మార్చుకునే అలవాటు బ్యాంకులతో వచ్చింది కాదు. ప్రోనోటుకు మూడేళ్లలో కాలదోషం పడుతుంది. గడువు దగ్గరపడగానే కొంత సొమ్ము ముట్టినట్టు వెనక చెల్లు రాయించి, దానికి ఇంకో మూడేళ్లు ఆయుష్షు పోయడం తరాలుగా జరుగుతున్నదే. వడ్డీ వ్యాపారికి అసలు తిరిగి రావడం నిజానికి ఇబ్బంది. వచ్చిన అసలుకు మళ్లీ ఇంకో మనిషిని వెతకాలి. అతనికి కావలసింది వడ్డీ, దాంతోపాటు బాకీ ఉందని ఒప్పుకునే సంతకం. అతను తన సొమ్ముతో ఆడుకుంటున్నాడు. బ్యాంకు ఆడుకునేది ఇతరుల సొమ్ముతో. అందుకే వ్యాపారికి నప్పిన పద్ధతిని బ్యాంకు అలాగే అనుసరిస్తే ప్రమాదం డిపాజిటరు మీదికి మళ్లుతుంది.

కొండమీది దేవుడి కథ కూడా ఇక్కడ గుర్తుకు రాకుండా ఉండదు. పెళ్లి కోసం కుబేరుడి దగ్గర చేసిన అప్పుకు శ్రీనివాసుడు కలియుగాంతం దాకా వడ్డీ కడుతూనే ఉంటాడని, అసలు ఆ తర్వాతేనని ఇక్కడి నమ్మకం. ఆర్థికశాస్త్రం కళ్లతో చూస్తే ఇది దివాలా కథ కాదు. రాబడి ఏనాడూ ఆగని సంస్థకు అసలు తీర్చాల్సిన తొందర లేదు, అడిగే తొందర అప్పిచ్చినవాడికీ లేదు. ప్రభుత్వాలన్నీ చేసేది ఇదే. పాత బాండు గడువు తీరితే కొత్త బాండు అమ్మి చెల్లిస్తాయి. పన్నుల రాబడి పెరుగుతున్నంతకాలం, అప్పు సొంత రూపాయల్లో ఉన్నంతకాలం ఈ పద్ధతి సాగుతుంది. అప్పు పరాయి కరెన్సీలో ఉండి, ఇచ్చినవాడు మార్చడానికి ఒప్పుకోని రోజు కథ మారిపోతుంది.

దేశమే కుదువ పెట్టిన ఏడాది

ఆ రోజు 1991లో వచ్చింది. గల్ఫ్ యుద్ధంతో చమురు ధర పెరిగింది. ప్రవాస భారతీయులు డిపాజిట్లు వెనక్కి తీసుకున్నారు. స్వల్పకాలిక విదేశీ అప్పులను మార్చుకోనివ్వడానికి బయటి బ్యాంకులు మొహం చాటేశాయి. విదేశీ మారకం రెండు మూడు వారాల దిగుమతులకు సరిపడేంతే మిగిలింది. మొదట, ప్రభుత్వం జప్తు చేసి ఉంచిన బంగారంలోంచి 20 టన్నులు, తిరిగి కొనుక్కునే షరతుతో స్విస్ బ్యాంకుకు వెళ్లాయి. జులైలో రిజర్వు బ్యాంకు దాదాపు 47 టన్నుల బంగారాన్ని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల దగ్గర తాకట్టు పెట్టి సుమారు 40 కోట్ల డాలర్లు తెచ్చింది. అప్పటికి పి.వి. నరసింహారావు ప్రధాని అయి కొద్ది వారాలే. చిత్తూరు రైతు నగ మోసుకుని బ్యాంకుకు వెళ్లినట్టే దేశమూ వెళ్లింది.

తేడా ఆ తర్వాత జరిగినదాంట్లో ఉంది. కొద్ది నెలల్లోనే ఆ బంగారాన్ని విడిపించారు. విడిపించిన డబ్బులో కొంత అంతర్జాతీయ ద్రవ్యనిధి నుంచి తెచ్చిన మరో అప్పేనన్నది దాచాల్సిన విషయం కాదు. కానీ ఈసారి ఊరికే మార్చుకోలేదు. రూపాయి విలువ తగ్గించి, పారిశ్రామిక లైసెన్సులు ఎత్తేసి, రాబడి వచ్చే దారి కూడా వెతికారు. స్వల్పకాలిక విదేశీ అప్పు మీద, ప్రవాస డిపాజిట్ల మీద కట్టడి అప్పటి నుంచి విధానంలో భాగమైంది. 1997లో తూర్పు ఆసియా దేశాలు సరిగ్గా ఇలాంటి స్వల్పకాలిక డాలరు అప్పులతోనే కుప్పకూలినప్పుడు భారత్ పెద్దగా దెబ్బ తినకపోవడానికి ఈ కట్టడి ఒక ముఖ్య కారణం.

1991లోనే మరో వాస్తవం కూడా బయటపడింది. అప్పటికి బ్యాంకులు ప్రతి వంద రూపాయల డిపాజిట్లో 38.50 ఎస్‌ఎల్‌ఆర్ కింద ప్రభుత్వ బాండ్లలో, మరో 15 సీఆర్‌ఆర్ కింద రిజర్వు బ్యాంకులో పెట్టాలి. అంటే సగానికి పైగా ముందే పోయింది. బ్యాంకు కూలదు, నిజమే. కానీ రైతుకూ చిన్న వ్యాపారికీ ఇవ్వడానికి మిగిలేది స్వల్పం. బ్యాంకు తలుపు మూసుకున్నచోట వడ్డీ వ్యాపారి తలుపు తెరుచుకుంటుంది. అక్కడి అప్పు ఏ అధికారిక లెక్కలోకీ రాదు కాబట్టి దేశం చాలా పదిలంగా ఉన్నట్టు కనిపిస్తుంది. నిబంధన ఎంత గట్టిగా ఉంటే అంత మంచిదనుకునేవాళ్లు ఈ కాలాన్ని ఒకసారి తిరగేయాలి. బ్యాంకింగ్ సంస్కరణల కోసం వేసిన నరసింహం కమిటీ ఈ నిష్పత్తులను తగ్గించమంది. వాటి స్థానంలో మూలధనం ఎంత ఉండాలి, ఏ అప్పును మొండి బకాయిగా రాయాలి అన్న నిబంధనలు 1992 నుంచి వచ్చాయి. ఇవ్వకుండా ఆపే నిబంధనలు పోయి, ఇచ్చినదాన్ని నిజాయతీగా లెక్కగట్టమనే నిబంధనలు వచ్చాయన్నమాట.

మంచికాలంలో బిగించడం

ఈ కొత్త రకం నిబంధనకు మంచి ఉదాహరణ తిరుపతికి పొరుగునే ఉన్న కడప జిల్లావాడైన వై.వి. రెడ్డి రిజర్వు బ్యాంకు గవర్నరుగా ఉన్న 2003-08 కాలంలో దొరుకుతుంది. స్థిరాస్తి ధరలు పరుగెడుతున్న రోజులవి. బ్యాంకులు వాణిజ్య భవనాలకు ఇచ్చే అప్పుల మీద రిస్క్ వెయిటును 2005లో 100 నుంచి 125కు, 2006లో 150కి పెంచారు. దీని అర్థం కష్టమైనది కాదు. రిస్క్ వెయిటు 100 అయితే బ్యాంకు ఇచ్చే ప్రతి వంద రూపాయల అప్పుకు 9 రూపాయల సొంత మూలధనం చూపాలి. రిస్క్ వెయిటు 150 అయితే అదే వందకు 13.50 చూపాలి. అప్పు ఇవ్వొద్దని ఎవరూ అనలేదు. ఇస్తే నీ సొంత డబ్బు ఎక్కువ పెట్టమన్నారు. పోతే నీదీ పోతుందని తెలిసినవాడు చూసి ఇస్తాడు. అప్పులను మూటగట్టి ఇతరులకు అమ్మేసి లాభం వెంటనే రాసుకునే వీలును కూడా 2006లో మూసేశారు. ఆ లాభాన్ని అప్పు గడువంతా పరుచుకుంటూ రాయాలి. అమెరికాలో ఇళ్ల రుణాలను అమ్మి చేతులు దులుపుకున్న బ్యాంకుల కథ 2008లో ఎలా ముగిసిందో చూశాక గాని ఈ చిన్న నిబంధన విలువ చాలామందికి అర్థం కాలేదు. అప్పట్లో మాత్రం ఆయన మీద వచ్చిన విమర్శ, వృద్ధికి అడ్డుపడుతున్నాడని.

బిగించడం సగం పని. సమయం వచ్చినప్పుడు వదలడం రెండో సగం. 2008 ఆగస్టు చివరికి 9 శాతం ఉన్న సీఆర్‌ఆర్ 2009 జనవరికి 5 శాతానికి దిగింది. అప్పటికి గవర్నరు దువ్వూరి సుబ్బారావు. మంచిరోజుల్లో బ్యాంకుల దగ్గర పట్టి ఉంచిన డబ్బు చెడ్డరోజుల్లో వాటికే తిరిగి అందింది. ముందు పట్టి ఉంచకపోతే తర్వాత వదలడానికి ఏముంటుంది?

కథ ఇక్కడితో ఆగితే బాగుండేది. 2008 తర్వాత ఇచ్చిన సడలింపులు కావలసినదానికంటే ఎక్కువకాలం కొనసాగాయి. విద్యుత్, ఉక్కు, రహదారుల కంపెనీలు తీర్చలేని అప్పులను ‘పునర్వ్యవస్థీకరణ’ పేరుతో బ్యాంకులు మార్చి ఇస్తూ పోయాయి. పల్లెలో నగ మీద జరిగిన పనే ఇక్కడ వేల కోట్ల మీద జరిగింది, అదీ నగ కూడా లేకుండా. 2015లో గవర్నరు రఘురామ్ రాజన్ హయాంలో జరిగిన ఆస్తుల నాణ్యత సమీక్ష ఆ పుస్తకాలను తెరిపించింది. 2018 మార్చి నాటికి వాణిజ్య బ్యాంకుల స్థూల నిరర్థక ఆస్తులు, అంటే వసూలు కాని అప్పులు, మొత్తం అప్పుల్లో 11 శాతం దాటాయి. ప్రభుత్వ బ్యాంకులను నిలబెట్టడానికి 2016-17 నుంచి ఐదేళ్లలో కేంద్రం 3 లక్షల కోట్లకు పైగా మూలధనం పోయాల్సివచ్చింది. 2016లో వచ్చిన దివాలా చట్టం, ఈ మూలధనం, కఠినమైన లెక్కలు కలిసి 2025 మార్చికి ఆ నిష్పత్తిని 2.3 శాతం దాకా దించాయి. చిన్న రైతు నగ మార్చుకుంటే అనుమానంగా చూసే మర్యాదస్తులు ఈ కంపెనీల మార్పిడిని చాలాకాలం ‘వ్యాపార విచక్షణ’ అన్నారు.

కట్టనక్కర్లేదన్న మాట

అప్పు పట్ల వైఖరి అనగానే మనవాళ్లు సంస్కృతి గురించి మాట్లాడతారు. భారతీయులు పొదుపరులు, పరాయివాళ్లు అప్పు చేసి పప్పు కూడు తినేవాళ్లు అన్న మాట సభల్లో చప్పట్లు తెస్తుంది. దక్షిణ కొరియా అనుభవం దీన్ని నిలవనివ్వదు. 1998 సంక్షోభంలో అక్కడి జనం పెళ్లి ఉంగరాలతో సహా 200 టన్నులకు పైగా బంగారాన్ని దేశం కోసం ముందుకు తెచ్చి ఇచ్చారు. అదే జనం ఐదేళ్లు తిరక్కముందే క్రెడిట్ కార్డు అప్పుల్లో మునిగి 2003లో మరో సంక్షోభం తెచ్చుకున్నారు. ఆ మధ్యలో మారింది సంస్కృతి కాదు. వినియోగం పెరగాలని ప్రభుత్వం కార్డులను ప్రోత్సహించి, కార్డు ఖర్చుకు పన్ను రాయితీ ఇచ్చింది. నిబంధన మారితే వైఖరి మారడానికి తరం పట్టదు.

ఆంధ్రప్రదేశ్‌లో ఇది ఎదురు దిశలోనూ రుజువైంది. 1990ల్లో నెల్లూరు సారా వ్యతిరేక ఉద్యమం వెనకే పుట్టిన పొదుపు సంఘాలు, తర్వాత డ్వాక్రా, వెలుగు సంఘాలు చిత్తూరు జిల్లా పల్లెల్లో అప్పు క్రమశిక్షణ నేర్పిన అసలు బడులు. నెలనెలా పొదుపు, పదిమంది ముందు లెక్క, ఒకరు కట్టకపోతే మిగతావారికి అప్పు రాదన్న భయం. ఏ తాకట్టూ లేకుండా బ్యాంకులు వీరికి లక్షలు ఇచ్చాయంటే ఆ లెక్క మీద నమ్మకంతోనే. అదే ఊళ్లలో సూక్ష్మరుణ సంస్థలు కూడా దిగి, ఒకే మహిళకు మూడు నాలుగు సంస్థలు అప్పులిచ్చి, వారంవారం ఇంటిముందు కూర్చుని వసూలు చేశాయి. ఆత్మహత్యల వార్తలు వచ్చాక 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆ సంస్థల వసూళ్లను కట్టడి చేస్తూ ఆర్డినెన్సు తెచ్చింది. వసూళ్లు దాదాపుగా ఆగిపోయాయి, బ్యాంకులు ఆ సంస్థలకు డబ్బివ్వడం మానేశాయి, దేశమంతటా ఆ రంగం కుదేలైంది.

వేధింపులు నిజం, ఆర్డినెన్సు అవసరమూ నిజమే. కానీ ‘ఇక కట్టనక్కర్లేదు’ అన్న మాట ఒక్కసారి ఊళ్లో పాకితే కట్టగలిగినవారు కూడా ఆగుతారు. 2014లో రైతు రుణాలతో పాటు డ్వాక్రా రుణాల మాఫీ హామీ వచ్చినప్పుడు అంతవరకు ఒక్క వాయిదా తప్పని సంఘాలు కూడా ఎదురుచూశాయి. మాఫీ సొమ్ము విడతలుగా వచ్చింది, ఈలోగా బకాయి మీద వడ్డీ పెరిగింది. సున్నా వడ్డీ రాయితీ కావాలంటే సకాలంలో కట్టి ఉండాలి, అదీ పోయింది. 2008లో కేంద్రం ప్రకటించిన 60,000 కోట్ల మాఫీతో ఎందరో రైతులకు నిజమైన ఊరట దొరికింది. తప్పు ఊరట ఇవ్వడంలో లేదు. ఎన్నికకో మాఫీ వస్తుందని జనం లెక్కగట్టుకునేలా చేయడంలో ఉంది. మార్చుకునేటప్పుడు అడగాల్సిన ప్రశ్నను అప్పుడు బ్యాంకు మేనేజరు కూడా అడగడు, మంత్రి ప్రకటన కోసం చూస్తాడు.

రిజర్వు బ్యాంకు 2022లో సూక్ష్మరుణాలకు పెట్టిన నిబంధన ఈ మొత్తం అనుభవం నుంచి పుట్టిందే. ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబం కట్టే అన్ని వాయిదాలూ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. ఎంత మందికి ఇచ్చారని కాకుండా, ఇంటి రాబడి ఎంత మోయగలదని అడిగిన మొదటి నిబంధనల్లో ఇదొకటి. ఆదాయాన్ని ఎలా లెక్కగడతారన్నది వేరే చిక్కు. చిత్తూరు జిల్లాలో ఆ చిక్కు తీరే ఇళ్లు కొన్ని ఉన్నాయి. పాల డబ్బు పదిహేను రోజులకోసారి వచ్చే ఇంట్లో నెల వాయిదా ఇబ్బంది పెట్టదు. ఒక్క మామిడి కోత మీద, ఒక్క టమోటా కోత మీద బతికే ఇంట్లో నెల వాయిదాకు అర్థమే లేదు. 2023 జులైలో కిలో వంద దాటిన టమోటా మరికొన్ని సీజన్లలో కోత కూలికి కూడా రాక తోటలోనే ఉండిపోయింది. 2025లో తోతాపురి మామిడి ధర పడిపోయి, గుజ్జు ఫ్యాక్టరీలు కిలోకు ఇచ్చే 8 రూపాయలకు ప్రభుత్వం మరో 4 రూపాయలు కలపాల్సివచ్చింది. ఇలాంటి ఏడాది ఈ ఇళ్లను నిలబెట్టేది పంట బీమా కంటే ముందు పెట్టెలోని నగే.

దర్శనం ఆగిన 2020 వేసవి తిరుపతికి ఇదే పాఠాన్ని నగరం స్థాయిలో చెప్పింది. మార్చి 20న నిలిచిన శ్రీవారి దర్శనం జూన్ రెండో వారం దాకా మొదలవలేదు. లాడ్జీలు, కార్ల యజమానులు, పూలు, బొమ్మలు అమ్మేవారు, తలనీలాల చుట్టూ బతికేవారు అందరికీ ఒకేసారి రాబడి ఆగింది. వాయిదాల మీద ఆగస్టు చివరి దాకా రిజర్వు బ్యాంకు ఇచ్చిన మారటోరియం లేకపోతే ఎన్ని ట్యాక్సీలు ఫైనాన్సు కంపెనీల షెడ్లకు చేరేవో. అదే ఏడాది ఆగస్టులో బ్యాంకులు బంగారం మీద ఇవ్వగల అప్పు పరిమితిని కూడా నగ విలువలో 75 శాతం నుంచి 90కి పెంచి, 2021 మార్చితో ఆపేశారు. సడలింపుకు చివరి తేదీ ముందే రాసిపెట్టడమే అందులో మెచ్చుకోదగ్గది.

దాచుకున్నవాడి వైపు

అప్పుల గురించి మాట్లాడినంతగా డిపాజిట్ల గురించి మాట్లాడం. కేరళలోని పలై సెంట్రల్ బ్యాంకు 1960లో మూతపడ్డాక 1962లో డిపాజిట్ బీమా వచ్చింది. 1993 నుంచి లక్షగా ఉన్న ఆ హామీ 2020 ఫిబ్రవరిలో 5 లక్షలైంది. చిన్న డిపాజిటరు పుకారు విని బ్యాంకు ముందు బారులు తీరకుండా ఉండటానికి ఆ హామీ ఉంది. పెద్ద డిపాజిటరుకు అది చాలదు కాబట్టి వాళ్లు కళ్లు తెరుచుకుని ఉండాలి. తిరుమల తిరుపతి దేవస్థానం 2022 నవంబరు శ్వేతపత్రం ప్రకారం బ్యాంకుల్లో 15,900 కోట్లకు పైగా నగదు, 10 టన్నులకు పైగా బంగారం డిపాజిట్లుగా ఉన్నాయి. 2020 మార్చి 5న యెస్ బ్యాంకు మీద మారటోరియం పడి ఖాతాదారులు 50,000 మించి తీసుకోలేకపోయిన నాటికి దేవస్థానం అక్కడి డిపాజిట్లను కొన్ని నెలల ముందే వెనక్కి తెచ్చుకుంది. అంత కళ్లు తెరుచుకోవడం వీధిలో చిరువ్యాపారం చేసుకునేవాడికి సాధ్యం కాదు. అతని తరఫున కళ్లు తెరుచుకోవాల్సింది పర్యవేక్షకుడే. ఇక ఏ రిజిస్ట్రేషనూ లేని చీటీలో పెట్టిన సొమ్ముకు ఏ బీమా వర్తించదు. 1982 నాటి చిట్‌ఫండ్ చట్టం ఉంది, కానీ తెలిసినవాళ్ల చీటీని రిజిస్ట్రేషను అడగడం మొహమాటం. ఆ మొహమాటం ఎన్నో కుటుంబాల పెళ్లి ఖర్చును మింగింది.

నగ విలువ, ఇంటి రాబడి

ఇప్పుడు సమస్య ఎక్కడుంది? రిజర్వు బ్యాంకు లెక్కల్లో 2024 డిసెంబరు నాటికి కుటుంబాల అప్పు స్థూల దేశీయోత్పత్తిలో దాదాపు 42 శాతం. చాలా దేశాలతో పోలిస్తే ఇది ఎక్కువేమీ కాదు. అయితే అందులో సగానికి పైగా ఇంటి కోసం చేసిన అప్పు కాదు. వ్యక్తిగత రుణాలు, కార్డులు, వాహనాలు, నగల మీద తెచ్చినవి. 2023 నవంబరులో తాకట్టు లేని వినియోగ రుణాల రిస్క్ వెయిటును 125కు పెంచడం 2005 నాటి మందునే మళ్లీ వాడటం. ఆ మందు పనిచేసింది, ఆ రుణాల పరుగు తగ్గింది. కానీ అక్కడ నొక్కితే నీరు బంగారం వైపు పొంగింది. 2025లో పది గ్రాముల ధర లక్ష దాటింది. నిరుడు 60,000 ఇచ్చిన గాజుల మీద ఈ ఏడు 80,000 వస్తుంటే, మార్చుకునేటప్పుడు ఆ తేడాను వద్దనే ఇల్లు అరుదు. ఇంటి రాబడిలో రూపాయి పెరగకుండానే అప్పు పెరిగిపోయింది. ధర తిరగబడితే ఏమవుతుందో 2013 ఏప్రిల్‌లో బంగారం ఒక్కసారిగా పడ్డప్పుడు కొంత చూశాం. ఏడాది ముందే రిజర్వు బ్యాంకు బంగారు రుణ సంస్థల పరిమితిని 60 శాతానికి దించి ఉండటం వల్ల అప్పుడు నష్టం అదుపులో ఉంది. మళ్లీ 75కు పెంచింది ధర చల్లబడ్డాక, 2014లో.

2024 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు బంగారు రుణాల్లోని లోపాలను ఎత్తిచూపి, గడువు తీరిన అప్పును కొత్త అప్పుతో తీర్చడాన్ని ప్రశ్నించింది. తర్వాత 2025 ఏప్రిల్‌లో వచ్చిన ముసాయిదాలో ప్రతి నగకూ కొనుగోలు రుజువు, ప్రతి అప్పుకూ రాబడి మదింపు అన్నట్టు కనిపించేసరికి తమిళనాడులో పెద్ద నిరసన లేచింది. పుట్టింటి నుంచి వచ్చిన గాజులకు బిల్లు ఎవరు దాచారు? సరిహద్దుకు ఇటువైపు చిత్తూరులోనూ బాధ అదే. జూన్‌లో వచ్చిన తుది నిబంధనలు దిగివచ్చాయి. 2.5 లక్షల లోపు అప్పుకు రాబడి మదింపు అక్కర్లేదు, నగ విలువలో 85 శాతం దాకా ఇవ్వొచ్చు. 5 లక్షల దాకా 80, ఆపైన 75. వీటిని 2026 ఏప్రిల్ 1 లోపు అమలు చేయాలన్నది ఆదేశం.

ఈ 85లో ఒక మెలిక ఉంది. ఏడాది చివర ఒక్కసారే కట్టే అప్పుల్లో ఆ శాతాన్ని ఇచ్చిన అసలు మీద కాకుండా, గడువు నాటికి అసలూ వడ్డీ కలిపి ఎంతవుతుందో దానిమీద లెక్కగట్టాలి. పది శాతం వడ్డీ అనుకుంటే లక్ష రూపాయల నగ మీద చేతికొచ్చేది 85,000 కాదు, 77,000 చిల్లర. ఏడాది తర్వాత మార్చుకోవాలంటే వడ్డీ ముందు కట్టాలి, రాతపూర్వకంగా అడగాలి, ఆనాటి నగ ధరకు ఆ పరిమితి సరిపోవాలి. ధర పడితే తేడా డబ్బు ఇంట్లోంచి రావాలి. కట్టలేక వేలం దాకా పోతే నగ విలువలో 90 శాతానికి తక్కువ కాకుండా కనీస ధర పెట్టాలి, బాకీ పోను మిగిలింది ఏడు పనిదినాల్లో తిరిగివ్వాలి. అప్పు తీరిన నగ ఇవ్వడానికి బ్యాంకు ఆలస్యం చేస్తే రోజుకు 5,000 కట్టాలి.

కాగితం మీద ఇవి సబబైన నిబంధనలే. చిన్న అప్పుకు రాబడి మదింపు వద్దనడంతో అసలు ప్రశ్నను వదిలేసి, దాని బదులు నగ ధర మీద కాస్త జాగా ఉంచారు. బంగారం పెరుగుతున్నన్నాళ్లు ఆ జాగా చాలు. పడితే, బ్యాంకు అడిగే తేడా డబ్బు కోసం జనం వెళ్లేది నూటికి రెండు రూపాయలకు ఇచ్చేవాడి దగ్గరికే. అప్పుడు బ్యాంకుల నిరర్థక ఆస్తుల అంకె చెక్కుచెదరదు, బాకీ మాత్రం 24 శాతం వడ్డీకి చేరి ఎవరి లెక్కల్లోనూ కనిపించదు. అది కనబడాలంటే జిల్లా స్థాయి బ్యాంకర్ల సమావేశాల్లో ఎంత అప్పిచ్చారన్న లక్ష్యాలతో పాటు, ఇచ్చిన బంగారు రుణాల్లో ఎన్ని కొత్తవి, ఎన్ని మార్చుకున్నవి, మార్చుకున్నప్పుడు ఎంత పెరిగాయి అన్న మూడు అంకెలు శాఖలవారీగా బయటపెట్టాలి. ఆ సమాచారం ప్రతి శాఖ కంప్యూటర్లోనూ ఉంది.